గోవింద్ మీద ఒట్టు

చేప తాజాదో కాదో తెలియాలంటే మొప్ప ఎత్తి చూడాలి. పాతికేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. ఒడ్డున చేపల వేలంపాటలో నాకు మురిగిన చేప అంటగట్టిన మగాడు ఇంతవరకు పుట్టలేదని మా పేటలో అందరూ అంటారు, నేనూ అంటాను. అలాంటి నన్ను గోవింద్ అనే ఇరవై ఆరేళ్ళ కుర్రాడు ఏడాది పాటు ఆడించాడు. కాబట్టి ఇది చదివి ఎవరినైనా తిట్టాలనిపిస్తే ముందు నన్ను తిట్టండి. వాడి వంతు తర్వాత.

నా పేరు తాయారు. మాది శ్రీకూర్మం దగ్గర సముద్రం ఒడ్డు. పొద్దున్నే పాటలో చేపలు కొని, ఆటోలో వేసుకుని శ్రీకూర్మంలో అమ్ముకుంటాను. మా ఆయన పారాదీప్‌లో బోటు మీద ఉంటాడు, ఆయనతో ఈ కథకి పనిలేదు. నాకు పిల్లలు లేరు. గోడకవతల మా అక్క గురమ్మ ఇల్లు. అక్క కూతురు రేఖ. దానికి ఇరవై రెండేళ్ళు. నా చేతి అన్నం ఎంత తిన్నదో వాళ్ళమ్మ చేతి అన్నమూ అంతే తిన్నది.

రేఖ డిగ్రీ చదివి కానిస్టేబుల్ పరీక్ష రాసింది. మొదటి పరీక్ష పాసైంది. తర్వాతది పరుగు పరీక్ష. ఆడపిల్లలు పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలి. మిలటరీలో చేసి వచ్చిన కొండబాబు గారని మా పేటలో ఒకాయన ఉన్నారు, అరవై దగ్గర పడ్డ మనిషి. పొద్దున్నే ఇసుకలో ఆరేడుగురు పిల్లల్ని పరిగెత్తించేవారు. రేఖ అందరికన్నా ముందుండేది. మేము వేలంపాట పాడుకుంటూ అటు చూసేవాళ్ళం. మా పేటలో ఆడపిల్ల అలా పరిగెత్తడం, ఎవరూ తరమకుండా, నేను మొదటిసారి చూడటం అదే.

గోవింద్ దానికి మేనత్త కొడుకు, బావ. వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు, మేము ఊఁ అన్నాం. వాడు మంగళూరు బోట్లలో పనిచేస్తాడు. మా మగాళ్ళలో సగం మంది అంతే, ఆగస్టులో రైలెక్కితే మళ్ళీ మే నెలకే ఇంటికి రావడం. ఒకసారి బోటు సముద్రంలోకి వెళ్తే పన్నెండు, పదిహేను రోజులు ఫోను ఉండదు. ఆ రోజుల్లో ఇంట్లో ఆడవాళ్ళకి కొన్ని పట్టింపులున్నాయి. అన్నిట్లోకీ పెద్దది ఒట్టు. సముద్రం మీద ఉన్నవాడి తల మీద వేసిన ఒట్టు ఇక్కడ తప్పితే అక్కడ వాడికి గండం. వేరే ఊళ్ళలో ఒట్టు తీసి గట్టున పెట్టమని నవ్వేస్తారు. మేము ఆ మాట అనం. మా గట్టు పక్కనే సముద్రం ఉంది.

ఈ భయం రేఖకి ఉగ్గుపాలతో వచ్చింది. వాళ్ళ నాన్న నూకయ్య, అంటే మా బావ, పదహారేళ్ళ క్రితం బోటు తిరగబడి పోయాడు. అప్పటికి ఆయనకీ నాకూ ఒక వల కోసం పెద్ద తగువైంది. నా గడప తొక్కనని అక్క చేత తన తల మీద ఒట్టు వేయించుకున్నాడు. తర్వాత పదకొండో రోజున పోయాడు. అక్క ఒట్టు తప్పి నా ఇంటికొచ్చిందనీ, అందుకే మొగుణ్ణి తినేసిందనీ పేటంతా అంది. అప్పటినుంచి అక్కని పెళ్ళి పందిట్లోకి పిలిచినవాళ్ళు లేరు. వలలకి పూజ చేసేటప్పుడు ఎదురు రావద్దంటారు. ఆ పుకారు ఎలా పుట్టిందో చెప్తాను. ఇప్పుడు కాదు. దానికి నాకు ధైర్యం రావాలి.

గోవింద్ మొదట్లో ఎంత మంచిగా ఉండేవాడంటే నాకే ముచ్చటేసేది. రేఖ పాసైన రోజున మంగళూరు నుంచి వచ్చేవాళ్ళ చేత గులాబీ రంగు బూట్లు పంపాడు. "మా రేఖ పోలీసవుతాది సిన్నత్తా, అప్పుడు నన్ను నాలుగు తన్నినా ఎవులూ అడగరు" అని నవ్వేవాడు. వాడికి తల్లి లేదు. "నీ గొంతింటే మా అమ్మ గుర్తొస్తాది" అనేవాడు. పిల్లలు లేనిదానితో అనాల్సిన మాట ఏదో వాడికి బాగా తెలుసు.

తర్వాత నాకు పని అప్పజెప్పాడు. "రేఖ సీకట్నే ఒడ్డుకి పోతాది, కుక్కలుంటాయి. కొంచెం సూస్తుండు సిన్నత్తా. ఎవులెవులు ఒస్తన్నారో నాకు సెప్పు." ఎంత బెంగో పాపం అనుకున్నాను. ఏ పూట ఎవరు వచ్చారో, రేఖ ఎవరితో నవ్విందో, ఏ రంగు ప్యాంటు వేసుకుందో, అన్నీ చెప్పేదాన్ని. వాడు అవన్నీ దాని దగ్గర తిప్పి అప్పజెప్పేవాడు. బోటు ఒడ్డుకొచ్చిన రోజుల్లో పొద్దున్న అయిదింటికి వీడియో కాల్ చేసి, చుట్టూ ఎవరున్నారో ఫోను తిప్పి చూపించమనేవాడు. కొండబాబు గారు దాని భుజం మీద తట్టారని నేను చెప్పిన రోజున రెండు రోజులు ఫోను కట్టేశాడు. మూడో రోజు ఏడుస్తూ చేశాడు. రేఖే క్షమాపణ అడిగింది. దేనికో దానికీ తెలియదు.

రేఖ బూట్ల మాట ఎత్తితే "నాను పంపిన బూట్లేసుకుని ఎవులికి సూపించుకుంటన్నావు" అనేవాడట. అలా అన్నావేంటి బావా అంటే, "నానెప్పుడన్నాను? నీకు ఈ మద్దిన మతిమరుపెక్కువైంది రేఖా" అనేవాడట. పది సార్లు అలా అంటే ఎవరికైనా తమ చెవుల మీద తమకే అనుమానం వస్తుంది. రేఖ నన్ను అడిగేది, "పిన్నీ, నాను బాగానే ఉన్నానా, మాటలు మర్సిపోతన్నానా" అని. పరీక్షల బెంగ అని చెప్పాను.

నవంబరులో నాకు పెట్టాల్సిన పుల్ల నాకూ పెట్టాడు. "సిన్నత్తా, నువ్వు బాధపడతావని సెప్పలేదు. పిన్నికి పిల్లల్లేరు కదా, మా మీద కుళ్ళు అంటంది రేఖ." మొప్ప ఎత్తి చూడాలి కదా, గోడకవతలే కదా ఉంది, వెళ్ళి అడగాలి కదా. అడగలేదు. ఇరవై రోజులు దానితో మాట్లాడటం మానేశాను. అదీ నన్ను అడగలేదు. నేను దాన్ని బజారుదని అన్నానని వాడు దానికి చెప్పాడని చాలా తర్వాత తెలిసింది. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక గోడ. వాడు రెండు వైపులా ఉన్నాడు.

డిసెంబరు ఆఖర్లో హాల్ టికెట్ వచ్చింది. జనవరిలో ఒక సోమవారం, శ్రీకాకుళంలో పరుగు పరీక్ష. ఆ రాత్రి తిండి వేళకి వాడి వీడియో కాల్ వచ్చింది. అప్పటికి మా మాటలు మళ్ళీ కలిశాయి, నేనూ అక్కడే ఉన్నాను, ఫోను పట్టుకున్నది నేనే.

వాడు వద్దనలేదు. అది వాడి పద్ధతి. "నీ ఇష్టం రేఖా. నాను వద్దంటానేటి? బూట్లు కొన్నదెవులు? కాకపోతే ఈసారి గాలి బాగులేదు. బోటు కూడా పాతది. నాకు మా మావయ్య కల్లోకొస్తన్నాడు. నాను తిరిగొచ్చినాక ఎల్లు, అంతే అంటన్నాను. అంతవరకూ ఏ పరీక్షకీ ఎల్లనని నా మీద ఒట్టెయ్యి. నువ్వు ఒట్టేస్తే నాకు ధైర్యం. లేదంటే నీ దయ."

వాడి బోటు ఒడ్డుకి తిరిగొచ్చేది మంగళవారం. పరీక్ష సోమవారం. రేఖ ఆ మాట అంది కూడా. "ఒక్క రోజే కదా తేడా" అన్నాడు, పరీక్షని ఎవరో వాయిదా వేస్తారన్నట్టు. రేఖ నా వైపు చూసింది. దాని కళ్ళలో ఉన్నది నాకిప్పుడు అర్థమవుతోంది, వద్దని నేను చెప్తానేమోనని ఆశ. నేనేమన్నానో వినండి. "వెయ్యవే. పాపం సముద్రం మీదకి పోతన్నాడు" అన్నాను. ఫోను అద్దం మీద వాడి తల ఉన్న చోట రేఖ అరచెయ్యి పెట్టింది. మా అక్క పొయ్యి దగ్గర కూర్చుని అటు తిరగలేదు.

మర్నాటినుంచి రేఖ ఒడ్డుకి పోవడం మానేసింది. కొండబాబు గారు ఇంటికొచ్చి అడిగితే కాలు బెణికిందని చెప్పింది. ఆయన కాలు చూస్తానంటే లోపలికెళ్ళి తలుపేసుకుంది.

పరీక్ష ఇంకా నాలుగు రోజులుందనగా గురువారం పాట దగ్గర దేముడమ్మ కలిసింది. ఆవిడ కొడుకు, గోవింద్ ఒకే బోటు. కొడుకు చెయ్యి విరిగి ఇంటికొచ్చేశాడు. ఎలా ఉన్నాడే అని అడిగి, మా గోవింద్ ఎలా ఉన్నాడట అని కూడా అడిగాను.

"గోవిందేటి బోటు మీద? ఆడు బోటు పెద్దతో తగువాడి దిగిపోయి రెండు నెలలైపోయింది. సాలూర్ల లారీల కాడ ఉన్నాడంట. మీకు తెల్దేటి?"

నా గంపలో కవళ్ళ చేపలు అలాగే ఉండిపోయాయి, ఆ పూట అమ్మకానికి వెళ్ళలేదు. రెండు నెలలు. అంటే వాడు రేఖ చేత ఒట్టు వేయించుకున్న రోజున వాడి కింద సముద్రం లేదు, సాలూరు రోడ్డుంది. పదిహేను రోజులు ఫోను కట్టేసి, పిల్ల ఇక్కడ అన్నం మానేసి దేవుడికి మొక్కుకుంటుంటే, వాడు అక్కడ టీ తాగుతున్నాడు.

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కాను. ఎవరికీ చెప్పలేదు. విజయనగరంలో బస్సు మారి సాలూరులో దిగేసరికి పన్నెండయింది. దారి పొడుగునా వాణ్ణి తిట్టాల్సిన తిట్లు వరసగా పెట్టుకున్నాను. మా పేటలో తిట్లకి నాకు పేరుంది.

లారీలు ఆగే చోట, ఒక హోటలు ముందు బల్ల మీద కూర్చుని పూరీ తింటున్నాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. నన్ను చూశాడు. మొదట నా వెనక ఇంకెవరైనా ఉన్నారా అని చూశాడు. లేరని తెలిశాకే వాడి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ వరస నేను చూశాను. చూసి కూడా మోసపోయాను.

"ఒచ్చినావా సిన్నత్తా. నువ్వే ఒస్తావని నాకు తెలుసు" అని కాళ్ళ మీద పడ్డాడు. "నన్ను సంపీ. బోటు పెద్ద నన్ను అందరి ముందూ కొట్టినాడు. ఏ మొకంతో సెప్పను? ఆ పిల్ల పోలీసు అవబోతంది, నాను లారీ క్లీనర్ని. తెలిస్తే నన్నొగ్గేస్తాది. ఒగ్గేస్తే ఈ లారీ కిందే పడతాను."

"మరి సముద్రం మీదున్నానని ఒట్టెందుకు ఎయించుకున్నావురా" అన్నాను.

"సముద్రమైతేనేటి, ఘాటైతేనేటి? ఒడిశా ఘాట్ రోడ్లో ఎన్ని లారీలు లోయలో పడతన్నాయో ఈలని అడుగు. నా పేనానికి అదీ గండమే. నాను అబద్దం ఆడలేదు సిన్నత్తా, పేరు మార్సినాను, అంతే."

వినడానికి ఎంత బాగుందో చూడండి. వరసగా పెట్టుకున్న తిట్లలో ఒక్కటీ బయటికి రాలేదు. చివరికి నా కొంగుతో నేనే వాడి కళ్ళు తుడిచాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకున్నాడు. "రేఖకి నానే సెప్పుకుంటాను. మంగళారం సెప్తాను. అంతవరకూ నువ్వు సెప్పనని నా మీద ఒట్టు. ఈ రాత్రికే ఘాటెక్కుతన్నాను. మావయ్య ఎలా పోయినాడో నీకు తెలుసు కదా."

ఒట్టు అన్నాను. నా చెయ్యి వాడి తల మీదే ఉంది. తిరిగొస్తుంటే గజపతినగరం దాటాక బస్సులో వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. శని, ఆది, సోమ, మంగళ. సోమవారం మధ్యలో ఉంది. వాడు అడిగింది నాలుగు రోజుల మౌనం కాదు, ఆ ఒక్క సోమవారం. నా తలలో మన్నుందా అని నన్ను నేను తిట్టుకున్నాను. వాడి కోసం దాచిన తిట్లన్నీ నాకే సరిపోయాయి.

శనివారమంతా నోరు కట్టుకుని తిరిగాను. చెప్దామని గోడ దాకా వెళ్ళేదాన్ని. లారీ లోయలో పడినట్టు కనిపించేది, వెనక్కి వచ్చేసేదాన్ని. నలభై ఏడేళ్ళ దాన్ని, ఒడ్డున మగాళ్ళతో సమానంగా పాట పాడే దాన్ని, ఒక క్లీనరు తల మీద నా చెయ్యి ఉన్నందుకు వణికిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాను. అక్క చేపలు తోముతోంది. రేఖ గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన హాల్ టికెట్, నాలుగు మడతలు పెట్టి. నా వంక చూడకుండానే అంది.

"రేపే కదా పిన్నీ. కొండబాబు గారు నిన్న కూడా ఒచ్చినారు. నాను పది నిమిషాల్లోపే పరిగెట్టగలను, తెలుసా? మాతో పరిగెట్టేవోళ్ళలో ఒక్కత్తికీ అది రాదు. కానీ బావ నడిసముద్రంలో ఉన్నాడు. నాన్నలాగయితే నాను బతగ్గలనేటి?"

ఆ మాటకి నాకు ఆగలేదు. ఘాట్‌లో లారీ ఏమైతే అది అయిందని చెప్పేశాను. దేముడమ్మ చెప్పిందీ, సాలూరూ, పూరీ, ఒట్టూ, మంగళవారమూ అంతా. ఇప్పుడు ఎగిరి గంతేస్తుంది, బూట్లు తీస్తుంది అనుకున్నాను.

రేఖ కదల్లేదు. "బెంగెట్టుకుంటానని సెప్పలేదేమో" అంది. తర్వాత, "ఘాట్ మీద ఉన్నాడంటే ఇంకా భయం కదా పిన్నీ. సముద్రమైనా కొంచెం ఆగుతాది" అంది.

వాడు అబద్ధాలకోరని తెలిసినా అది లేవదు. దాన్ని కట్టేసింది వాడు కాదు. వాడు దారపు కొస పట్టుకున్నాడంతే. ముడి వేసింది నేను. పదహారేళ్ళ క్రితమే వేశాను, చిన్నప్పటినుంచి దానికి అన్నం ముద్దలతో పాటు ఆ కథ తినిపించాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ అనుకున్నాను.

"రేఖా, మీ అమ్మ ఒట్టు తప్పలేదు" అన్నాను.

అక్క చేతిలో చేప ఆగింది.

"మీ నాన్న ఒట్టు ఎయించుకున్నాక మీ అమ్మ నా గడప తొక్కలేదు. ఒక్క సారి కూడా. నాకు రోషమొచ్చింది. నా అక్కని నా ఇంటికి రాకుండా సేసినాడని కుతకుతలాడిపోయినాను. ఆడి పరువు తీద్దామని పాట కాడ అందరి ముందూ అబద్దమాడినాను. నిన్న మా అక్క నా ఇంటికొచ్చి పులుసు కూడు తినెల్లింది, ఆడి ఒట్టు ఎవులిక్కావాల అన్నాను. ఆ మాటన్న నాలుగో రోజున బోటు తిరగబడింది. అప్పుడు అందరూ నా మాటే పట్టుకున్నారు. నాను అబద్దమాడినానని సెప్పడానికి నోరు రాలేదు. ఇయ్యాల్టికి కూడా రాలేదు."

రేఖ వాళ్ళమ్మ వైపు తిరిగింది. "నిజమేనేటమ్మా?"

అక్క చేపని గిన్నెలో పెట్టి చెయ్యి కడుక్కుంది. "కానాగంత సేపల పులుసు అని కూడా సెప్పింది. నాను ఆ రోజు పాట కాడే ఉన్నాను, అటు పక్క. ఇన్నాను."

"ఇని ఊరుకున్నావా?"

"సెప్తే ఎవులు నమ్ముతారు? సెల్లే సెప్పిందంటే నిజమే అనుకుంటారు. ఒట్టు నిలబెట్టినాను. అయినా పోయినాడు మీ నాన్న. ఆ బోటు అడుగు చెక్క పుచ్చిపోయి ఉన్నాదని దానికి తెలుసు, నాకు తెలుసు, మీ నాన్నకీ తెలుసు."

పదహారేళ్ళలో అక్క ఒక్కసారిగా అన్ని మాటలు అనడం నేను వినలేదు. నా మీద అరుస్తుందేమోనని చూశాను. అరిస్తే బాగుండును. మళ్ళీ చేప తీసి తోమడం మొదలెట్టింది.

రేఖ నా వైపు తిరిగింది. "పెళ్ళిళ్ళకి అమ్మని ఎవులూ పిలవకపోతే, నువ్వే కదా నా సెయ్యి పట్టుకుని తీసికెల్లేదానివి" అంది. అవునన్నాను. ఇంకేం అడగలేదు. లేచి మంచం కింద నుంచి బూట్లు తీసి, ఇసుక దులిపి, ఒడ్డుకి వెళ్ళిపోయింది. కాసేపటికి కొండబాబు గారి విజిల్ వినిపించింది.

సోమవారం ఆరింటికి ఆటో వచ్చింది. రేఖతో పాటు అక్క కూడా ఎక్కింది. ఎప్పుడూ ఎవరికీ ఎదురు రాని మనిషి, కూతురి పక్కన నిటారుగా కూర్చుంది. రేఖ చేతిలో ఫోను మోగింది. వాడే. మోగి ఆగింది. తర్వాత ఏదో మెసేజ్ వచ్చింది. అది చదివి రేఖ పెదవులు బిగించింది. ఏమిటే అని అడిగాను. "ఒడ్డు దగ్గర సిగ్నల్ అందిందంట, సముద్రం మీద గాలి లేచిందంట. నా ఇష్టమంట" అంది.

నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. వాడి గొంతు వింటే ఇది దారిలోనే దిగిపోతుందనిపించింది. గబుక్కున దాని చెయ్యి పట్టుకుని నా తల మీదకి లాక్కున్నాను. "ఆడి ఫోను ఎత్తనని నా మీద ఒట్టెయ్యి" అన్నాను.

రేఖ చెయ్యి లాగేసుకుంది. "నీకింకా బుద్ది రాలేదేటి పిన్నీ" అంది. గొంతు పెంచలేదు. ఆటో వెళ్ళిపోయింది. నేను రోడ్డు మీద నిలబడి ఉన్నాను. పాటకి వేళయిందని ఎవరో పిలిచినా వెళ్ళలేదు.

ఆ రోజంతా నేను ఎదురుచూసింది రేఖ కబురు కోసమని చెప్తే మీరు నమ్ముతారు. కానీ అది సగమే. రెండో సగం లారీ కోసం. ఒట్టు అబద్ధమని నా నోటితో నేనే చెప్పాను కదా, అయినా మధ్యాహ్నం దాకా నాకు అన్నం దిగలేదు.

మూడింటికి ఫోను మోగింది. గోవింద్.

"సిన్నత్తా, తిన్నావేటి? నాను ఘాట్ దిగేసినాను. సూసినావా, నువ్వు మాట నిలబెట్టుకున్నావు కాబట్టే నాను బతికున్నాను. నువ్వు సెప్పుంటే ఈపాటికి లోయలో ఉందును. రేఖ ఫోను ఎత్తటం లేదు, ఇంట్లోనే ఉన్నాదా?"

బతికే ఉన్నాడు. మొదట నాకు ప్రాణం లేచొచ్చింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను. వెంటనే వాడి మాట అర్థమైంది. వాడు బతికుండటమే నేను నోరు మూసుకున్నానని వాడికి సాక్ష్యం. చనిపోయి ఉంటే నేను తప్పినదాన్ని, బతికుంటే నేను వాడి మనిషిని. ఎటు పడినా వాడిదే గెలుపు.

"సెప్పేసినానురా" అన్నాను.

"ఏటి?"

"నిన్న మద్దినమే సెప్పేసినాను. అన్నీ. రేఖ పరీక్షకెల్లింది. నువ్వు సావలేదు."

లారీ ఇంజన్ ఒకటే వినిపిస్తోంది. తర్వాత, ఎప్పుడూ వినని గొంతుతో, ఏడుపు లేదు, తీపి లేదు, "పిల్లల్లేని ముండవి, నీకేటి తెలుసు" అన్నాడు. పెట్టేశాడు. ఏడాదిలో వాడు నాతో ఆడిన నిజమైన మాట అదొక్కటే.

చీకటి పడే వేళకి ఆటో వచ్చింది. అక్క దిగుతూ, "పది నిమిషాల పన్నెండు సెకన్లు. లాంగుజంపు దూకుడు కూడా అయిపోయింది. ఇంక రాసే పరీక్ష ఒకటే ఉన్నాదంట" అంది. రేఖ బూట్లు చేత్తో పట్టుకుని నా పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయింది. అలిసిపోయి ఉంటుందిలే అనుకున్నాను.

అది జరిగి నెలా పది రోజులైంది. నేను పాట దగ్గర అందరి ముందూ నా అబద్ధం చెప్పాను. కొందరు నమ్మారు, కొందరు ఇప్పుడెందుకులే అన్నారు. మొన్న దేముడమ్మ ఇంట్లో పెళ్ళికి అక్కని పిలిచారు, అక్క వెళ్ళలేదు. రేఖ పుస్తకాలు పట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది. ఒక్కోసారి దాని ఫోను మోగుతుంది. ఒక్కోసారి వెంటనే ఆగుతుంది, ఒక్కోసారి చాలాసేపు మోగుతుంది. వాడేనా, అది ఎత్తుతోందా, ఏం చెప్తున్నాడో, మళ్ళీ ఏడుస్తున్నాడో, నాకు ఒక్క ముక్క తెలియదు. గోడకవతలే కదా, వెళ్ళి అడగమంటారు. వెళ్తూనే ఉన్నాను. నేను వెళ్తే అది లేచి లోపలికి పోతుంది.